నలభై ఆరు ఫారాలు, మూడు ప్రకటనలు

1981 జూలై ఆరో తేదీ ఉదయం మా కాలేజీ రికార్డు గదిలో, శాశ్వతంగా భద్రపరచవలసిన దస్త్రాల అరలో, ఒక కోడి పదకొండు గుడ్ల మీద పొదుగుకు కూర్చుని ఉండగా కనుగొనబడింది. కోడి వాచ్‌మన్ గోవిందుది. దాని కింద ఉన్నవి కాలేజీ భూమి కాగితాలు. కోడిని తక్షణం తొలగించవలసిందని హెడ్‌క్లర్కు గారు చీటీ రాసి పంపారు. రికార్డు గది చూసే సుందర్‌రాజ్ ఆ చీటీని రిజిస్టరులో ఎక్కించి, దాని ఎదురుగా ఇలా రాశాడు: "కోడి ఒకటి, గుడ్లు పదకొండు. నిలవ ఉంచవలసిన గడువు ఇరవై ఒక్క రోజులు. గడువు తీరిన పిమ్మట సొంతదారుకు అప్పగింత." రాసింది హిందీలో, నేను తెలుగులో చెబుతున్నాను. ఇరవై రెండో రోజున కోడినీ తొమ్మిది పిల్లల్నీ గోవిందుకు అప్పగించి సంతకం తీసుకున్నాడు. మురిగిపోయిన రెండు గుడ్లకు విడిగా నోటు పెట్టాడు. భూమి కాగితాలకు ఏ నష్టమూ జరగలేదు. హెడ్‌క్లర్కు గారు మాత్రం ఆ మూడు వారాలూ రికార్డు గది వైపు వెళ్ళలేదు. మొదటి రోజే ఒకసారి వెళితే కోడి చెయ్యి పొడిచింది.

నేను ఆ ఆఫీసులో టైపిస్టుని. కోస్తాకి సముద్రం అవతల ఉన్న ఈ దీవుల్లో, ఆస్టినాబాద్ మెట్ట మీద ఉండేది మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. రెండు పొడుగాటి షెడ్లు, ఒక వరండా, వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక ఖాళీ స్థలం. రికార్డు గది వరండా చివర. అందులోకి వెళ్ళాలంటే తల వంచాలి. సుందర్‌రాజన్న పొట్టివాడు కాబట్టి ఆయనకు ఆ ఇబ్బంది లేదు, మిగతా అందరం ఆయన ముందు తల వంచుకునే వెళ్ళేవాళ్ళం.

ఆయనది భీమిలి దగ్గర. 1952లో, ఇరవై ఏళ్ళ వయసులో, తండ్రితో పాటు ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. చదువు ఆరో తరగతి, అదీ తెలుగులో. మొదట కలప డిపోలో పని. నరికిన ప్రతి దుంగకూ సుత్తితో ఒక నంబరు కొట్టి, ఆ నంబరును పుస్తకంలో ఎక్కించాలి. దుంగల్ని కట్టి సముద్రం మీద లాక్కొస్తుంటే ఒకటో రెండో తాడు తప్పించుకుని పోయేవి. పోయినదాని నంబరు మీద గీత కొట్టేయడం డిపో పద్ధతి. ఈయన గీత కొట్టకుండా పక్కన "ఇంకా రాలేదు" అని రాసేవాడట. దానికి చాలా నవ్వారట కూడా. మూడేళ్ళ తర్వాత ఒక దుంగ ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అది అడవిలో ఏ కూపులో, అంటే ఏ నరుకుడు భాగంలో నరికినదో, ఎవరిదో చెప్పగలిగింది ఆ పుస్తకం ఒక్కటే. ఆ సంగతి గుర్తున్న అధికారి ఎవరో, 1968లో కాలేజీ పెట్టినప్పుడు, ఈయన్ని దఫ్తరీగా వేయించాడు. దఫ్తరీ అంటే ఫైళ్ళు కుట్టాలి, ఎర్రగుడ్డలో బస్తాలు కట్టాలి, అడిగిన కాగితం అడిగిన గంటలో తెచ్చివ్వాలి. సుందర్‌రాజన్న పావుగంటలో తెచ్చేవాడు. ఆ గంటలో మిగిలిన ముప్పావు గంటా అది ఎందుకు కావాలో అడిగేవాడు.

ఈ దీవుల్లో కాగితం బతకడం కష్టం. ఏడెనిమిది నెలలు వాన. బీరువాలో పెట్టిన చొక్కాకే బూజు పడుతుంది. చెద సంగతి చెప్పనక్కర్లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండ కాసే రోజుల్లో సుందర్‌రాజన్న బస్తాలన్నీ విప్పి, వరండాలో కాగితాలు పరిచి, ఎగరకుండా వాటి మీద గులకరాళ్ళు పెట్టేవాడు. దారిన పోయే వాళ్ళకు కాలేజీలో వడియాలు పెట్టినట్టు కనిపించేది. మధ్యాహ్నం వాటిని తిరగేయడానికి మమ్మల్నీ పిలిచేవాడు. ప్రిన్సిపాల్ గారు ఒకసారి అటుగా వచ్చి, తెలియక, చెప్పులతోనే పరీక్షా ఫలితాల మీద నడిచారు. ఆ అడుగు గుర్తు ఇప్పటికీ 1973 బ్యాచ్ మార్కుల మీద ఉంటుంది, అవి ఎక్కడైనా మిగిలి ఉంటే.

ఇంట్లోనూ అంతే. డెలానీపూర్‌లో వాళ్ళ క్వార్టరుకి వెళితే ఆయన భార్య మేరి గారు టీ ఇస్తూ చెప్పేవారు. "సూడు బాబూ, బజారు సీటీ పారేద్దునంటే, మూడు నెల్లు ఆగమంటాడు. ఎందుకయ్యా అంటే, ఉల్లిపాయలు తేలేదని నువ్వు గొడవాడితే సూపించడానికి అంటాడు. ఇరవై ఏళ్ళు కాపరం సేసినాను, నన్ను ఏ అరలో పెట్టినాడో నాకే తెలీదు."

"పర్మినెంటు అరే కదా," అనేవాడు సుందర్‌రాజన్న, టీ లోంచి తలెత్తకుండా.

కాగితాన్ని ఉంచడం ఆయనకు ఎంత ఇష్టమో, తీసేయడం అంత బరువు. గడువు తీరిన ఫైళ్ళను వెనక ఖాళీ స్థలంలో ఇనుప డ్రమ్ములో కాల్చాలి. ముందు ప్రతి కాగితానికీ ఉన్న గుండుసూదినీ దారాన్నీ తీసి వేరే డబ్బాలో వేసేవాడు. తర్వాత మొదటి కాగితం నుంచి చివరిదాకా ఒకసారి చూసేవాడు. చదవడానికి చాలాసేపు పట్టేది, ఇంగ్లీషు ఆయనకు అక్షరం అక్షరంగా తప్ప రాదు. బూడిద చల్లారే దాకా అక్కడే నిలబడి, నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని, అప్పుడు వచ్చి రిజిస్టరులో "కాల్చబడినది" అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు.

1982 ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు వచ్చింది. రికార్డు గదిలో సగం ఖాళీ చేయాలి, సైన్సు సామాను పెట్టుకోవాలి. పదేళ్ళు దాటిన ప్రవేశ ఫారాలన్నీ మార్చి ముప్పై ఒకటో తేదీన కమిటీ ఎదుట కాల్చేయాలి. కమిటీ అంటే ప్రిన్సిపాల్ గారు, హెడ్‌క్లర్కు గారు, రాసుకోవడానికి నేను. అంతకుముందు బ్యాచ్‌లవి అప్పటికే కాల్చేశారు కాబట్టి, ఇప్పుడు గడువు దాటినవి 1971 బ్యాచ్ ఫారాలు, నలభై ఆరు.

సుందర్‌రాజన్న నలభై ఆరూ తిరగేశాడు. నలభై అయిదింటికి గుచ్చి ఉన్నవి నకళ్ళు. నలభై ఆరోది కాళమ్మ అనే అమ్మాయిది. ఊరు జంగ్లీఘాట్, తండ్రి వృత్తి చేపల వేట. ఆ ఫారం వెనక గుచ్చి ఉన్నది నకలు కాదు, అసలు కాగితం. 1953లో, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబానికి ఇచ్చిన పత్రం. కుటుంబ పెద్ద వేలిముద్ర, భార్య పేరు, కూతురి పేరు కాళమ్మ, వయసు ఏడాదిన్నర. ముద్ర చెదిరినా కనిపిస్తోంది. నకలు తీయించి, ఆఫీసరు చేత సంతకం పెట్టించి ఇవ్వాలని ఆ తండ్రికి ఎవరూ చెప్పినట్టు లేదు. చేతిలో ఉన్నదే ఇచ్చేశాడు. మా కాలేజీ కూడా వెనక్కివ్వకుండా పదకొండేళ్ళు ఉంచేసింది.

ఆ పత్రాన్ని నా టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. "తమ్ముడూ, ఈ కాయితం పోతే ఈ పిల్ల ఇక్కడిదని సెప్పడానికి ఏటుంటాది?"

నాకు తెలుసు. ఈ దీవుల్లో ఉద్యోగానికీ స్థలానికీ, నువ్వెప్పుడొచ్చావు, నీ వాళ్ళెప్పుడొచ్చారు అని అడుగుతారు. నోటితో చెబితే ఒప్పుకోరు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఉత్తరాది మనిషి, మంచివాడు, ఏడాది తర్వాత బదిలీ అవుతుందని రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడు. "పదేళ్ళయినా ఎవరూ అడగలేదు సుందర్‌రాజ్. అంటే ఎవరికీ అవసరం లేదు. ఫారంతో పాటు దానికి గుచ్చినవీ పోతాయి. రూల్ అదే," అన్నారు హిందీలో. ఆయన చెప్పింది రూల్ ప్రకారం నిజమే.

"రూలులో ఇంకో మాట కూడా ఉంది సాబ్. సంబంధపడ్డవాళ్ళకి ముందు తెలియజేయాలి."

"నోటీసు పెట్టాం కదా."

"బోర్డు దగ్గరికి వాళ్ళు రారు సాబ్. వాళ్ళు పాసై పోయి పదేళ్ళు."

"తో జాన్‌పహచాన్‌వాలోంకో బోల్ దో," అని ప్రిన్సిపాల్ గారు ఫైలు మూశారు. తెలిసినవాళ్ళకి చెప్పెయ్, అని. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ మాటను ఆయన ఎంత తేలిగ్గా అన్నారో, సుందర్‌రాజన్న ఎంత బరువుగా పుచ్చుకున్నాడో రెండూ చూశాను.

ముందు రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపాడు. రెండూ తిరిగొచ్చాయి. జంగ్లీఘాట్ వెళ్ళి అడిగాడు. ఆ ఇల్లు పడగొట్టి చాలా కాలమైంది, తండ్రి చనిపోయాడు, పిల్ల పెళ్ళయి ఎటో వెళ్ళింది. ఎటో అంటే ఏ దీవో ఎవరూ చెప్పలేదు.

"ఆ ఒక్క కాగితం జేబులో వేసుకో అన్నా. ఎవరు చూస్తారు?" అన్నాను నేను. నాకు పాపభీతి తక్కువ.

"నా జేబులో పెడితే అది నా కాయితం అయిపోద్ది కదరా. రేపు ఆ పిల్ల వెతుక్కుంటా కాలేజీకొస్తాది గానీ నా జేబు కాడికి రాదు. నాను సచ్చిపోతే మీ వదిన ఆ సొక్కా నానబెడతాది."

నలభై ఆరు పేర్లూ టైపు చేసిమ్మన్నాడు. ఇక్కడే నా తప్పు ఉంది, దాచుకోను. ఆ నెల ఆఫీసులో కాగితాల కరువు. ఓడ రాలేదు. అందుకని ఒక్క పేజీలో సరిపెట్టాలని మగవాళ్ళ పేర్లు ఎడమ వరసలో, ఆడవాళ్ళ పేర్లు కుడి వరసలో కొట్టాను. అదృష్టమో దురదృష్టమో, ఇరవై ముగ్గురు మగవాళ్ళు, ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు. చాలా అందంగా వచ్చింది.

సుందర్‌రాజన్న మా తెలుగు చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివేది ఆయనే. ఆయన అనుభవంలో, నలుగురికీ తెలియాల్సిన విషయాన్ని చెప్పడానికి రుజువైన పద్ధతి ఒకటే ఉంది, అది పెళ్ళి ప్రకటన. పెళ్ళి కాబోయే జంట పేర్లను మూడు ఆదివారాలు వరసగా చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమనాలి. ఆ పద్ధతిలో ఇరవై ఏళ్ళలో రెండు దొంగ పెళ్ళిళ్ళు ఆగాయి. నోటీసు బోర్డు వల్ల ఆగినది ఏదీ లేదు.

మార్చి పద్నాలుగున, పాస్టరు దేవకుమార్ అయ్యగారితో "కాలేజీ ప్రకటన ఒకటుందండీ" అని ముందే చెప్పాడు. కొత్త ప్రవేశాల గురించేమో అనుకుని అయ్యగారు తలూపారు. పాట అయ్యాక సుందర్‌రాజన్న లేచాడు. కాలేజీ ఫారాలు కాల్చబోతున్నారనే మొదటి వాక్యం, ఆలస్యంగా వచ్చి బెంచీల్లో సర్దుకుంటున్నవాళ్ళ చప్పుడులో కలిసిపోయింది. తర్వాతిది అందరికీ స్పష్టంగా వినిపించింది.

"ఈ క్రింది వారిని గూర్చి ఇది మొదటి ప్రకటన. వీరి విషయమై ఎవరికైనా అభ్యంతరమున్న యెడల మార్చి ముప్పై ఒకటో తేదీలోగా తెలియజేయవలెను."

ఆ తర్వాత నేను కొట్టిన కాగితాన్ని, వరస వెంబడి, ఎడమ నుంచి కుడికి చదివాడు.

"అసిరయ్య, హలీమా బీ. నిర్మల్ మండల్, లీదియా. బంగారురాజు, కాళమ్మ."

అలా ఇరవై మూడు వరసలు. నేను బెంచీలో కిందికి జారాను. నా పక్కనున్నాయన జోళ్ళు వెతుక్కుంటున్నానేమో అనుకుని ఆయన కూడా వంగి వెతికాడు.

ఆరాధన అయ్యాక ప్రేమావతి అమ్మగారు అయ్యగారిని మెట్ల మీదే పట్టుకున్నారు. ఆవిడకు డెబ్బై ఏళ్ళు, సంఘంలో జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఆవిడకు తేదీలతో తెలుసు.

"అయ్యగారూ, ఇవి శ్రమ దినాలు. లెంట్లో ఒక్క పెళ్ళి సెయ్యరు, మీరు ఇరవై మూడు సేత్తన్నారేటి?"

"అవి పెళ్ళిళ్ళు కావమ్మా. ఫారాలు."

"అందులో హలీమా బీ ఎవుర్తి? బాప్తిస్మం ఎప్పుడు పుచ్చుకుంది? నాకు సెప్పకుండా ఎలా ఇచ్చీసినారు?"

"ఫారాలమ్మా. కాలేజీవి. కాల్చేస్తారు."

"ఎవుర్ని?" అన్నారు ప్రేమావతి అమ్మగారు.

ఆ సాయంత్రం సుందర్‌రాజన్నతో నడుస్తూ నా తప్పు ఒప్పుకున్నాను. ఒకే వరసలో మళ్ళీ కొట్టిస్తానన్నాను, అవసరమైతే నా కాగితం మీద. ఆయన ఒప్పుకోలేదు. "మొదటి ప్రకటన ఎలాగుంటే రెండోదీ అలాగే ఉండాల. మద్దెలో మారిస్తే అది కొత్త ప్రకటన. మళ్ళీ మూడు వారాలు కావాల. మనకి మూడే ఉన్నాయి." కొంచెం దూరం నడిచి, "నవ్వుకోనీ. నవ్వినోళ్ళు ఇంటికెళ్ళి సెప్తారు," అన్నాడు.

రెండో ఆదివారం గుడి నిండిపోయింది. మామూలుగా రానివాళ్ళు వచ్చారు. జాబితాలోని బంగారురాజు మా సంఘంవాడే. స్కూల్లో మాస్టారు, ముప్పై మూడేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. కాళమ్మ ఎవరో అతనికి సరిగ్గా గుర్తు కూడా లేదు. అయినా ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు. తన పేరు చదివినప్పుడు కొంచెం నిటారుగా అయ్యాడు. అభ్యంతరం ఉన్నవారెవరూ లేవలేదు.

మూడో ఆదివారం కూడా లేవలేదు. సోమవారం కాలేజీకి ఎవరూ రాలేదు. మంగళవారం సుందర్‌రాజన్న వరండాలో నిలబడి రోడ్డు చూశాడు. ఎవరైనా మెట్ట ఎక్కుతుంటే లోపలికెళ్ళి కాళమ్మ ఫారం తీసి టేబుల్ మీద పెట్టేవాడు. ఆ మనిషి దాటిపోతే మళ్ళీ బస్తాలో పెట్టేవాడు. ఆ రోజు అలా ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు. నాలుగోసారి తర్వాత చూడలేకపోయాను.

బుధవారం పదకొండు గంటలకు కమిటీ డ్రమ్ము దగ్గర చేరింది. ప్రిన్సిపాల్ గారు ఎండకు రుమాలు నెత్తిన వేసుకున్నారు. కట్టలో పైనుంచి ఒక్కొక్క ఫారం మీది పేరూ నేను చదవాలి, సుందర్‌రాజన్న ఆ ఫారాన్ని చూపించి డ్రమ్ములో వేయాలి. గుండుసూదులు ముందే తీసేశాడు, ఒక్కదానికి తప్ప. కాళమ్మ ఫారాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాడని నాకు తెలుసు. నేను వీలైనంత నిదానంగా చదివాను. హెడ్‌క్లర్కు గారు, "నీకు చదవడం రాదా?" అన్నారు.

ముప్పై ఎనిమిదో పేరు దగ్గర ఉండగా గోవిందు పరిగెత్తుకొచ్చాడు. "సుందర్‌రాజ్ భయ్యా, ఒక దీదీ వచ్చింది. మంచి కోపంలో ఉంది. పెళ్ళి గురించట."

ఆమె గోవిందు వెనకాలే వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, నీలంరంగు చీర, చేతిలో సంచి, వెనక గొడుగు పట్టుకుని ఒక మగమనిషి.

"ఇక్కడ సుందర్‌రాజ్ కౌన్ హై?"

"నానేనమ్మా."

"గుడిలో నాకు పెళ్ళి సేసింది నువ్వేనా? సుప్పనాతి మాటలు రంగత్ దాకా వచ్చినాయి. జంగ్లీఘాట్లో సేపలమ్మే ఆవిడ మా అత్తకి బోటు మీద కబురెట్టింది, నీ కోడల్ని కిరస్తానం గుళ్ళో ఎవడో బంగారురాజుకి ఇత్తన్నారు, మూడు వారాలై సదువుతున్నారు అని. నాకు ఇద్దరు పిల్లలు. ఇదిగో, ఈయన నా మొగుడు. కన్నారావు. కావాలంటే అడుగు."

కన్నారావు గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నాకు కూడా ఒక మాట సెప్పుంటే బాగున్ను," అన్నాడు మెల్లగా.

ప్రిన్సిపాల్ గారు, "యే క్యా హో రహా హై?" అని, ఏం జరుగుతోందని అడిగారు.

సుందర్‌రాజన్న ఆమె వైపే చూస్తున్నాడు. "నువ్వు కాళమ్మవా? డెబ్బై ఒకటి బ్యాచి? జంగ్లీఘాట్?"

"అవును. అయితే?"

ఆయన కట్ట అడుగు నుంచి ఆ ఫారం తీశాడు. గుండుసూది ఊడదీసి, పత్రాన్ని రెండు చేతులతో ఆమెకి ఇచ్చాడు. ఆమె కోపంగానే అందుకుంది. చూసింది. ముద్రను చూసింది, వేలిముద్రను చూసింది. సంచి కింద పెట్టేసింది.

"ఇది సముద్రంలో పడిపోనాదని కదా," అంది చివరికి.

ఆమె చెప్పింది మాకు కొంచెం కొంచెంగా అర్థమైంది. బోటు మీద వెళ్ళాల్సిన రంగత్‌కి అవతల ఒక స్కూల్లో ఆరేళ్ళుగా తాత్కాలికంగా పనిచేస్తోంది. పర్మినెంటు చేస్తాం, ఎప్పట్నుంచి ఇక్కడున్నావో కాగితం చూపించు, ఏప్రిల్ నెలాఖరు ఆఖరు గడువు అన్నారు. కాగితం లేదు. తండ్రి దాన్ని ఎక్కడ పెట్టాడో మరిచిపోయి, ఇల్లంతా వెతికి, పడవలో పట్టుకెళ్ళినప్పుడు నీళ్ళలో పడిపోయి ఉంటుందని చివరికి తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక కూడా ఆమె ఊరుకోలేదు.

"ఎన్ని మాటలన్నాను మా అయ్యని. ఒక్క కాయితం దాసలేనోడివి నువ్వేం మనిషివి అన్నాను. సచ్చిపోయే ముందు కూడా అటక మీది కాయితాల డబ్బా దించి ఇంకోసారి సూడమన్నాడు. నాను దించలేదు."

హెడ్‌క్లర్కు గారు డ్రమ్ములోకి చూస్తున్నారు. ఆ పత్రాన్ని తండ్రి ఎక్కడా పోగొట్టలేదు. ఎవరికి ఇవ్వమంటే వాళ్ళకే ఇచ్చాడు. తిరిగివ్వనిది మేము.

పత్రం వెనక పెన్సిలుతో ఏదో రాసి ఉంది. కాళమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమె చదువంతా హిందీలో. తెలుగు మాట్లాడడమే గానీ అక్షరాలు రావు. కన్నారావుకీ రావు. "ఇదేటి భయ్యా?" అని సుందర్‌రాజన్నకి చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎవరి చేతనో రాయించి ఉంటాడు ఆ తండ్రి, ఆయనది వేలిముద్రే కదా. గుడిలో ప్రకటన చదివే గొంతుతోనే చదివాడు. ఆయనకు ఇంకో గొంతు లేదు.

"ఓడలో పిల్లకి జొరము. నాలుగు దినములు. తగ్గినది. దిగినాము."

కాళమ్మ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాడు. తర్వాత రిజిస్టరు తెచ్చి, అసలు పత్రం సొంతదారుకు అప్పగించబడినది అని రాసి, ఆమె చేత హిందీలో సంతకం పెట్టించుకున్నాడు. కన్నారావుని సాక్షి సంతకం పెట్టమన్నాడు. కన్నారావు పెట్టి, "ఆ బంగారురాజుకి మరి సెప్పేత్తారు కదా?" అని అడిగాడు. చెబుతామన్నాము.

వాళ్ళు మెట్ట దిగిపోయాక మిగిలిన ఎనిమిది పేర్లూ చదివాను. చివరగా కాళమ్మ ఫారం, వెనక పత్రం లేకుండా, మిగతా నలభై అయిదింటి వెంటే డ్రమ్ములోకి వెళ్ళింది. సుందర్‌రాజన్న బూడిద చల్లారే దాకా నిలబడ్డాడు. చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయనతో నేనే మాట్లాడలేకపోయాను.

ఆ తర్వాతి వారం గొడవ ప్రిన్సిపాల్ గారి దాకా వచ్చింది. ప్రార్థనా మందిరంలో కాలేజీ విద్యార్థుల పేర్లను జంటలుగా ప్రకటించారని ఎవరో ఫిర్యాదు రాశారు. సంతకం లేదు గానీ, అందులో పెళ్ళిళ్ళ తేదీల గురించిన శ్రద్ధ చూస్తే ఎవరిదో నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గారు సుందర్‌రాజన్నని పిలిపించారు. డిక్టేషన్‌కి నన్నూ కూర్చోబెట్టారు. ఆయనకు కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. తెలిసినవాళ్ళకి చెప్పమన్నది తానేనని కూడా ఆయనకు గుర్తుంది.

"నువ్వు చేసింది మంచిదే కావచ్చు సుందర్‌రాజ్. నేను కాదనను. కానీ ఆలోచించు. వచ్చింది ఒక్క మనిషి. పనికొచ్చింది ఒక్క కాగితం. ఆ ఒక్కదాని కోసం నలభై ఆరు మంది పేర్లు మూడు వారాల పాటు ఊరంతా వినేలా చదవాలా?"

సుందర్‌రాజన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మిగతా నలభై అయిదూ ఎవరికీ అక్కర్లేదని, చదివాకనే కదా సాబ్ తెలిసింది."